కాలివేలికి కట్టిన ఊయల తాడు

దయ్యాల మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. ముప్పై ఏళ్లు నర్సు ఉద్యోగం చేశాను. దయ్యం పట్టిందని నా దగ్గరికి తీసుకొచ్చిన ఆడవాళ్లలో సగం మందికి రక్తం తక్కువ, తక్కిన సగం మందికి అత్తపోరు ఎక్కువ. కొందరికి టానిక్కుతో, కొందరికి పుట్టింట్లో పదిరోజులు ఉండి రమ్మనడంతో ఆ దయ్యాలు వదిలిపోయాయి. ఇది చదివి నన్ను కూడా ఆ జాబితాలో కలిపేయొద్దని మనవి.

అరవైల మొదట్లో మాట. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. బోగోలుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాలేనికి నన్ను వేశారు. మగవాళ్లు తెల్లారకముందే తెప్పలేసుకుని వేటకు పోయేవాళ్లు. వాళ్లు తెచ్చిన చేపలను ఆడవాళ్లు గంపలకెత్తుకుని, ఇసుకలో మైళ్లకొద్దీ నడిచి ఊళ్లల్లో అమ్ముకొచ్చేవాళ్లు. చంటిబిడ్డల తల్లులు కూడా పోవాల్సిందే.

బిడ్డ ఏడవకుండా ఉండడానికి ఆవగింజంత నల్లమందు పాలలో అరగదీసి నాలుకకు రాసి పోయేవాళ్లు. మధ్యాహ్నం దాకా బిడ్డ కిక్కురుమనేది కాదు. వాళ్ల అమ్మలూ అలాగే చేశారు, అత్తలూ అలాగే చేశారు. ఒళ్లునొప్పులకని మగవాళ్లు కూడా వేసుకునేవాళ్లు. లైసెన్సు అంగళ్లు మూతబడ్డాక కూడా చాటుమాటుగా దొరుకుతూనే ఉండేది.

నేను చేరిన ఏడాదే తిరుపాలు తాత మనవరాలు ఊయలలోనే చనిపోయింది. ఏడు నెలల పిల్ల. మందు కొంచెం ఎక్కువైంది, అంతే.

నేను అగ్గిమీద గుగ్గిలమైపోయాను. పోలీసులకు చెప్పి ఒక్కొక్కరినీ లోపల వేయిస్తానన్నాను. ఊరి పెద్ద, అందరూ పెదకాపు అని పిలిచే ఆయన, నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు.

"పోలీసోళ్లొస్తే ఏమవుద్ది నర్సమ్మా? పెట్టే తల్లి పెట్టడం మానదు, నీకు చెప్పడం మానుద్ది" అన్నాడు.

ఆ ఊళ్లో పెద్దలు కూర్చుని వేసే కట్టుబాటును దురాయి అంటారు. దాటితే తప్పు, అంటే జరిమానా, కట్టాలి. నల్లమందు మీద దురాయి వేస్తున్నారంటే, పెట్టిన తల్లికి తప్పు వేస్తారనుకున్నాను. వాళ్లు వేసింది వేరే. బిడ్డలను ఇళ్లల్లో ఒంటరిగా వదలకూడదు. వలలు బాగుచేసే కొట్టంలో ఊయలలు కట్టాలి, వేటకు పోలేని ముసలివాళ్లు ఊపాలి. రోజుకొక పాలతల్లి వంతుగా ఊళ్లో ఉండిపోవాలి, ఆమె చేపలు మిగతావాళ్లు అమ్మిపెట్టాలి. ఎవరైనా నల్లమందు పెట్టి ఉంటే నోరు తెరిచి చెప్పాలి. చెప్పినామెను ఎవరైనా ఒక్క మాట అన్నారా, అన్నవాళ్లకే తప్పు.

తర్వాత ఎన్నో ట్రైనింగులకు పోయాను. ఇంత తెలివైన మాట మళ్లీ ఎక్కడా వినలేదు.

కొట్టంలో మొదటి ఊయల కట్టింది తిరుపాలు తాతే. ఆయనా నల్లమందు మనిషే, ఇరవై ఏళ్ల అలవాటు. మనవరాలు పోయాక మానేస్తానన్నాడు. మానినప్పుడు ఒళ్లంతా నొప్పులు, విరేచనాలు, నిద్ర లేదు. పదిరోజులు ఊళ్లో మగవాళ్లు వంతులేసుకుని ఆయన పక్కన కూర్చున్నారు. వేటకు పోయొచ్చి ఒళ్లు హూనమైన మనుషులు ఆయన కాళ్లు పిసికారు.

ముసలివాళ్ల చేతులు వలల మీద ఉండేవి కాబట్టి ఊయల తాళ్లు కాలి బొటనవేళ్లకు కట్టుకునేవాళ్లు. ఒక్కొక్కరికి రెండేసి ఊయలలు, కాలికొకటి. "మీసాల మంత్రసానులు" అని ఆడవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. "పాలొక్కటే తక్కువ తాతా నీకు" అని తిరుపాలు తాతను ఏడిపించేవాళ్లు. ఆయన నవ్వేవాడు కాదు, ఊపడం ఆపేవాడూ కాదు.

అసలు సంగతి ఇప్పుడు.

మరుసటి ఏడు ఎండాకాలం. పొద్దున పది గంటలప్పుడు బిడ్డలను చూడడానికి కొట్టానికి పోయాను. తాత కుడికాలి ఊయలలో ఒక బిడ్డ నిద్రపోతోంది. ఎడమకాలిది ఖాళీ. అది అంకమ్మ బిడ్డది. బిడ్డకు విరేచనాలని, తన తల్లి వచ్చి చూసుకుంటోందని, ఇంట్లోనే ఉంచుతానని అంకమ్మ పొద్దున్నే చెప్పి పోయిందట. తాత అలవాటుకొద్దీ ఆ తాడు కూడా వేలికి కట్టుకుని కూర్చున్నాడు.

మాట్లాడుతుండగా ఆయన ఎడమకాలు ముందుకు జరిగింది. నేనేమీ అనుకోలేదు. రెండోసారి జరిగినప్పుడు తాత వల కింద పెట్టాడు. మూడోసారి నేను కళ్లారా చూశాను. తాడు బిగుసుకుంది. బొటనవేలు తెల్లబడింది. అవతలి కొసన ఖాళీ ఊయల మాత్రం కదల్లేదు.

గాలి లేదు. మేక లేదు, పిల్లి లేదు. వంగి ఊయల కింద కూడా చూశాను. తాడు మీద చేయి వేశాను. గాలానికి చేప తగిలినప్పుడు లాగినట్టు లాగింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

తాత తాడు విప్పుకోలేదు. తెంపుకుని లేచాడు. "అంకమ్మ ఇంటికి పా" అన్నాడు నాతో. అంత ముసలాయన ఆ ఇసుకలో పరుగెత్తడం అదే మొదలు, అదే ఆఖరు.

తలుపుకు బయట గొళ్లెం పెట్టి ఉంది. లోపల అంకమ్మ తల్లీ లేదు, ఎవరూ లేరు. చాప మీద బిడ్డ ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. కనురెప్ప ఎత్తి చూస్తే కంటిపాప సూదిమొనంత ఉంది. ఊపిరి తీసుకుంటోందో లేదో తెలియలేదు. నేను ఎత్తుకుని నోటి మీద నోరు పెట్టి మెల్లగా ఊదాను. ఆగితే బిడ్డ ఆగిపోతోంది. మళ్లీ ఊదాను. పెదకాపు బండి కట్టించాడు. ఒకతను అంకమ్మ కోసం పరుగెత్తాడు.

ఊరి బయటే ఎదురైంది ఆమె. గంప కింద పడేసి, బండి చక్రం పట్టుకుని, అందరి ముందూ చెప్పేసింది.

"నేనే పెట్టినా నర్సమ్మా. కడుపు పోతా ఉంటే కట్టుద్దని రెండు గింజలంత పెట్టినా. పొద్దు పొడిచేటప్పుడు పెట్టినా. అందరి బిడ్డలకీ అంటుకుంటుందని కొట్టానికి తేలేదు. మా అమ్మ రానేలేదు, అబద్ధం చెప్పినా."

ఆమె అత్త నోరు తెరిచింది. తాత ఆమెవైపు చూశాడు, నోరు మూసుకుంది. అక్కడ యాభైమంది ఉండి ఉంటారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఒకామె పోయి అంకమ్మను పట్టుకుని బండి ఎక్కించింది.

రోడ్డు దాకా బండిలో, అక్కడినుంచి లారీలో కావలి ఆసుపత్రికి పోయాం. దారి పొడుగునా ఊదుతూనే ఉన్నాను. ఏం పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలిసి రావడం ఎంతో మేలైందని డాక్టరుగారన్నారు. సాయంత్రానికి బిడ్డ ఏడ్చింది. చేతులారా మందు పెట్టిన ఆ తల్లి, ఆ ఏడుపు వింటూ గోడకు జారగిలబడిపోయింది. ఆ బిడ్డ ఇప్పుడు ముగ్గురు పిల్లల తల్లి.

ఆ తాడు సంగతి నేను ఎన్నో రకాలుగా ఆలోచించాను. తాత కాలు తిమ్మిరెక్కి ఈడ్చుకుందనుకుందామంటే, ఊయల కదలాలి కదా. పైగా నా చేతికి తెలిసిన లాగుడు ఎక్కడికి పోతుంది? కొట్టం కప్పు వాసాలు కూడా ఎక్కి చూశాను. నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అంతుపట్టిందని చెబితే అబద్ధమవుతుంది.

ఆసుపత్రి నుంచి వచ్చిన మూడోనాడు తాతను అడిగాను. ఆయన తెగిన తాడును ముడివేస్తున్నాడు.

"ఇది పాత తాడు నర్సమ్మా. నా మనవరాలు పోయిన పొద్దు గూడా ఇదే నా కాలికుండింది. నేను మందేసుకుని పడి నిద్రపోయినా. ఆ బిడ్డ లాగిందో, లాగలేదో నాకు తెలవదు."

ముడి బిగించి, తాడు మళ్లీ వేలికి చుట్టుకున్నాడు.

"మొన్న మేలుకోనుండా" అన్నాడు.