పులుపు తర్వాత, ముందు రక్తం

మా డాక్టరు సారు పోయాడు. మొన్న పొద్దున టీ కొట్టు దగ్గర నిలబడి ఉంటే పెద్దపల్లి నుంచి వచ్చిన బస్సు కండక్టరు చెప్పాడు. "మీ బజారు దవాఖాన డాక్టరు సచ్చిపోయిండట గదా" అన్నాడు. ఆ మాట అట్లా అంటారా అని వాడి మీద ఎగిరాను. వాడేం చేస్తాడు, విన్నది చెప్పాడు. అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఇంట్లో కూర్చుంటే బయటికి పోవాలనిపిస్తుంది, బయటికి పోతే ఎందుకు వచ్చానో గుర్తుండదు. ఆయన్ను ఏళ్ల తరబడి ఒకే మాట అడుగుతూ వచ్చాను. జవాబు చెప్పకుండానే పోయాడు.

నాకు రాత పెద్దగా రాదు. మందమర్రిలో బొగ్గుబావి లోపల పంపు నడిపి రిటైరైనవాణ్ణి. అక్షరాలు మీసాలు వచ్చాక నేర్చుకున్నాను. ఇంకెవరన్నా రాస్తే ఆయన్ను దేవుణ్ణి చేసి కూర్చోబెడతారు. అందుకే నేనే రాస్తున్నాను.

పొట్టి మనిషి, పెద్ద గొంతు. బజారు వెనకాల నాలుగు మంచాల దవాఖాన. ఎవరు కనపడినా ముందు కాళ్లు చూసేవాడు. చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కి, వేలు తీసి, పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందో చూస్తూ ఉండేవాడు. ఒంట్లో నీరు చేరిన మనిషికి అది తొందరగా పూడదు. టీ కొట్టు దగ్గర కూడా ఆయనకు ఇదే పని.

"చాయ్ తాగనీయుండ్రి సార్, కాలేమన్న పారిపోతదా?" అన్నానొకసారి.

"కాలు పోదు, నువ్వు పోతవ్" అన్నాడు, నా పాదం వదలకుండానే.

నా భార్య రెండో కాన్పులో ఆయన మా ఇంటి మనిషి అయ్యాడు. కొడుకు పుట్టాడని మంత్రసాని చెప్పిన కొద్దిసేపటికే ఇంట్లో ఏడుపు మొదలైంది. రక్తం ఆగడం లేదు. పక్కింటాయన ట్రాక్టరులో పరుపేసి తీసుకుపోయాం. ఆయన రక్తం ఆపాడు. నా రక్తం ఆమెకు కలవలేదు. షిఫ్టు దిగి మసి ముఖాలతోనే వచ్చిన నా తోటి పనివాళ్లు, జోడీలు ఇద్దరిది కలిసింది, ఎక్కించాడు. గండం గడిచిందనుకున్నాను.

మర్నాడు ఆమె ముఖం, కాళ్లు ఉబ్బిపోయాయి. ఊపిరి అందడం లేదు. డాక్టరు వేలు పెట్టి తీశాడు. గుంట అట్లాగే ఉండిపోయింది. నన్ను వరండాలోకి పిలిచాడు.

"రక్తం మస్తు పోయింది. అంతసేపు నాళాలు ఎండినట్టు ఉన్నయ్. ఇప్పుడు మల్ల రక్తం పారంగనే లోపలి పొర వాస్తుంది. వాసినకాడ నుంచి నీరు బయటికి ఊరుతుంది."

"రక్తం ఎక్కిస్తె మంచిగ గావాలె గని, వాసుడేంది సార్?"

"పంపులోడివి గదా నువ్వు. నీళ్లల్ల మునిగిన పైపుకు తుప్పు ఎప్పుడు పడ్తది?"

"నీళ్లు తోడినంక. గాలి తగిలితె."

"గదే. రక్తంతోని ఆక్సిజన్ వస్తది. అది లేకుంటే మనిషి లేడు. గని వచ్చుడు వచ్చుడే ఒక దిక్కు తుప్పు పట్టిస్తది. ఆ తుప్పును ఆపే మందులున్నయ్."

యాంటీ ఆక్సిడెంట్ అన్నాడు. ఆ పేరుకు నా నోరు తిరగడానికి చాలా కాలం పట్టింది.

"ఎలుకల మీద పని చేసిందని చదివిన. మనుషులకు చేస్తదో లేదో నాకు తెల్వది. ఇయ్యాల్సినయన్నీ ఇస్తున్న. వాటితోపాటు గిది. నువ్వు ఒప్పుకుంటెనే."

"మీ ఇంటామెకైతె ఇస్తరా?"

"ఇస్త" అన్నాడు. సరేనన్నాను.

మా అత్త గడపలో కూర్చుని ఉంది. ఏం మందని అడిగింది. ఏదో సూది అంటే అయిపోయేది. ఆయన అట్లా అనలేడు. "ఉసిరికాయల ఉంటది సూడు అవ్వా, ఆ సారమే" అన్నాడు.

"పులుపా? బాలింతకు పులుపా?" అని ఆమె లేచి నిలబడింది. మా వైపు బాలింతకు పులుపు ముట్టనివ్వరు. పుండు చీము పడుతుందని, ఒళ్లు వాస్తుందని భయం. "అసలే వాసి ఉన్నది నా బిడ్డ. సంపుతవా డాక్టరూ?"

ఆయన సీసా తగిలించి, సన్న గొట్టం సర్ది, వేరే రోగి దగ్గరికి పోయాడు. నేను మందుల దుకాణానికి పోయాను. సాయంత్రం ఇద్దరం ఒకేసారి లోపలికి వచ్చాం. సీసాలో చుక్క పడడం లేదు. గొట్టం మీది చక్రాన్ని ఎవరో తిప్పి మూసేశారు. ఎవరో ఏమిటి, మా అత్త తలెత్తడం లేదు. నాకు కళ్లు మండిపోయాయి. ఆమె చెయ్యి పట్టి బయటికి గుంజబోయాను. డాక్టరు నన్ను పక్కకు నెట్టి ఆమె పక్కన కింద కూర్చున్నాడు.

"ఎప్పుడు మూసినవ్ అవ్వా?"

"యాదికి లేదు."

"దొంగతనంగ ఎందుకు? నాతోని కొట్లాడక పోయినవా?"

"కొట్లాడితె ఇంటవా నువ్వు?"

"ఇనను. గని నీ మాట నా చెవులవడ్తది గదా."

ఆమెకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఆయన చక్రం చూపించి, "నేను తెరిస్తె నువ్వు మల్ల మూస్తవ్. నువ్వే తెరువు" అన్నాడు. అత్త చాలాసేపు కూతురి ఎగశ్వాస చూసింది. తర్వాత లేచి, బొటనవేలితో చక్రం తిప్పింది. చుక్క పడింది.

నా భార్య బతికింది. వాపు తగ్గింది, ఊపిరి కుదుటపడింది. తాను మూసినందుకే బతికిందని మా అత్త చనిపోయేదాకా అంది. సూది వల్లనే అని నేను బొగ్గుబాయంతా చాటాను. డాక్టరు మాత్రం "తెల్వది" అన్నాడు.

నా చాటింపు ఊరికే పోలేదు. ఆ వచ్చిన వానాకాలంలో బాయిలో కప్పు కూలి మావాడొకడి కాలు నలిగింది. రక్తం ధారగా పోతోంది. కాలనీ అంతా దవాఖాన ముందు చేరి ఒకటే గోల: "పులుపు సూది వెయ్యి సారూ, పులుపు సూది!" అందరికంటే గట్టిగా అరిచింది నేనే. అప్పుడు రక్తమిచ్చిన నా జోడీలు ఇద్దరూ బాయి లోపలే ఉన్నారు; మిగతావాళ్లలో రక్తం ఇవ్వడానికి మాత్రం ఒక్క చెయ్యి చాపలేదు. రక్తం ఇచ్చినవాడు మళ్లీ తట్ట ఎత్తలేడని మాలో భయం.

డాక్టరు బయటికి వచ్చాడు. "పులుపు తర్వాత! ముందు రక్తం!" అని అరిచాడు. నా మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. "ఊరంత చెప్పినవ్ గదా, రా, కూసో."

కూర్చున్నాను. నా రక్తం కలిసింది. నేను లేచి మామూలుగా నడవడం చూసి ఇంకో ఇద్దరు వచ్చారు. వాడికి కాలు పోయింది, ప్రాణం దక్కింది. పులుపు సూది వేశారా అని తర్వాత అడిగాను. "అక్కర పడలే" అన్నాడు. మరి నా భార్యకు అక్కర పడిందా, పడలేదా?

ఆ అరుపు మా కాలనీలో నిలిచిపోయింది. పెళ్లి బంతిలో ఎవడన్నా కూరకు ముందే మిఠాయి అడిగితే "పులుపు తర్వాత, ముందు రక్తం" అని నవ్వుతారు.

ప్రతి కార్తీకంలో నా భార్య ఉసిరికాయ తొక్కు పెట్టి ఒక జాడీ ఆయనకు పంపేది. తీసుకుపోయేది నేను. కాళ్లు నొక్కించుకోవడం అయ్యాక నా మాట నేను అడిగేవాణ్ణి.

"ఇప్పుడన్న చెప్పుండ్రి. ఆ సూదితోనేనా?"

"ఒక్క మనిషి బతికితె మందు పని చేసినట్టు గాదు. అందుల మీ అత్త ఎంతసేపు మూసిందో గూడ తెల్వకపాయె."

"గంత సదివి తెల్వదనుడేంది సార్?"

"సదివినందుకే" అనేవాడు.

ఒళ్లు మండేది. నేను బాయిలో గానీ ఇంట్లో గానీ తెలియదన్న మాట అనకుండా బతికినవాణ్ణి. ఆయన మాత్రం ఆ మాటను నీళ్లు తాగినట్టు అనేవాడు.

పెద్దపల్లి పక్కన వాళ్ల ఊళ్లోనే దహనం చేశారు. పోయి వచ్చాను. ఇంట్లో పెద్దకూతురు పురిటికి వచ్చి ఉంది. మనవడు పుట్టి ఎక్కువ కాలం కాలేదు. ఆయన కోసం పెట్టిన జాడీ మూతికి గుడ్డ కట్టి అట్లాగే ఉంది. నా భార్య ఆ గుడ్డ విప్పింది. కూతురి కంచంలో వెల్లుల్లి కారం కలిపిన అన్నం. చెంచా తొక్కులో ముంచి పైకి ఎత్తి, అక్కడే ఆగిపోయింది.

"ఇగో, ఎయ్యాల్నా?" అని నన్ను అడిగింది.

వెయ్యి, ఏం కాదు అని గట్టిగా అందామని నోరు తెరిచాను.

"నాకు తెల్వది" అన్నాను.

ఆమె నా వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. చెంచా మళ్లీ జాడీలో పెట్టింది. కూతురి కాళ్ల దగ్గరికి పోయి కూర్చుని, చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కి, వేలు తీసింది. ముగ్గురం ఆ గుంట పూడుతుందా అని చూస్తూ కూర్చున్నాం.