బంగారు కాగితం పువ్వు

సూపర్‌మార్కెట్ గులాబీలకు వాసన ఉండదు. అందుకే మొన్న మా వానల ఊరు బాతెల్‌లో పక్క వీధి కంచె మీదుగా అసలైన గులాబీ వాసన తగలగానే, చేతిలో పాల డబ్బాతో అక్కడే నిలబడిపోయాను. నలభై ఏళ్ళ పైన గడిచినా నాకు ఆ వాసన ఒంటరిగా రాదు, తడి గడ్డినీ, పులిహోరనీ, పాత పుస్తకాల అట్టల్నీ వెంటబెట్టుకునే వస్తుంది.

డెబ్బైల చివర్లో ఈ ఊళ్ళో తెలుగు మాట వినాలంటే మా ఇంట్లోనే వినాలి. నాన్న విమానాల ఫ్యాక్టరీకి వెళ్ళాక అమ్మ ఎండ కోసం కాచుకుని ఉండేది. ఆకాశం కాస్త తెల్లబడితే చాలు, వడియాల పళ్ళేన్ని కారు వెనక అద్దం కింద పెట్టి తలుపులు బిగించేది, ఇక ఆ వారమంతా ఎక్కడికి వెళ్ళినా మాతో పాటు ఇంగువ వాసన కూడా ప్రయాణమే. స్కూల్ అయ్యాక శైలజక్కా నేనూ ఎదురింటి మొంసే ఆంటీ దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. బార్సెలోనా నుంచి వచ్చి, హైస్కూల్లో స్పానిష్ చెప్పి రిటైరయిన టీచర్ ఆవిడ. బాదంపప్పు ఉండలు చేసి పెట్టేది, లెక్క తప్పితే పెన్సిల్‌తో నెత్తిన తట్టేది, మాటల్లో పడి కళ్ళజోడు ఎక్కడో పెట్టి మా చేత వెతికించేది.

ఆవిడ హాల్లో మూడు పుస్తకాల అరలుండేవి. పై అరలో స్పానిష్ పెద్దలు: స్వర్ణయుగం నాటకకర్తలు, సామ్రాజ్యం పోయాక దేశానికేమైందని కుమిలిన తరం, అంతర్యుద్ధంలో చెల్లాచెదురైన కవులు. కింది అర ఆవిడ చనిపోయిన భర్తది, ఆయన భాష గలీషియన్. "వీళ్ళకెప్పుడూ వాన, సముద్రం, ఊరొదిలి ఓడెక్కినవాళ్ళు, అంతే," అని కిటికీలోంచి మా వానను చూపించేది. నడి అర ఆవిడ సొంత భాష కాటలాన్‌ది. మూడు వందల ఏళ్ళు నిద్రపోయి, పందొమ్మిదో శతాబ్దంలో మళ్ళీ లేచిన సాహిత్యమట అది. దాన్ని లేపినవాటిలో పూల పోటీలనే కవితల పండగ ఒకటట. యుద్ధం తర్వాత అక్కడ ఆ భాషను అణిచేస్తే, దేశం వదిలిపోయినవాళ్ళు ఏటా ఒక్కో పరాయి ఊళ్ళో ఆ పండగ జరుపుకున్నారట. ఇంత చరిత్రలో నా బుర్రకెక్కింది ఒక్కటే, గెలిచినవాళ్ళకు బంగారు పువ్వు ఇస్తారని.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆంటీ ఆ పండగను తన పెరట్లోనే పెట్టింది. వాళ్ళ ఊళ్ళో మే నెలలో చేస్తారట గానీ, మా చలికి ఆవిడ గులాబీ జూన్ దాకా విచ్చుకోదు, అందుకని జూన్‌లో. షరతు ఒకటే: సొంత కవిత, ఇంటి భాషలో. బంగారు కాగితంతో చేసిన పువ్వును నెల ముందే గాజు అల్మారాలో పెట్టేసరికి నాకు అన్నం సయించలేదు. అప్పటిదాకా అమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లీష్‌లో జవాబు చెప్పేదాన్ని. ఆ పువ్వు మీద ఆశతో తెలుగులో నాలుగు లైన్లు కూర్చాను.

పోటీలో ముగ్గురమే, అక్కా, నేనూ, పక్కింటి జపనీస్ పిల్ల ఎమీ. అక్క ఉగాది మీద ప్రాస కుదిర్చి, చేతులు తిప్పుతూ చదివింది. తర్వాత నేను చదివాను:

ఎండా ఎండా రా
అమ్మ వడియాలు తడిచాయి
నువ్వు రాకపోతే
కార్‌లో పడుకుంటాయి

వినడానికొచ్చిన అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ చెంగుతోనే కళ్ళు తుడుచుకుంది. మొంసే ఆంటీ తన భాషలో ఏదో గంభీరంగా ప్రకటించి, బంగారు పువ్వు అక్కకీ, వెండి కాగితం పువ్వు ఎమీకీ ఇచ్చి, చివరికి పెరట్లో కోసిన గులాబీని నా చేతిలో పెట్టింది. ఓడిపోయినవాళ్ళకిచ్చేది అదే కాబోలనుకున్నాను.

ఇంటికొచ్చి ఏడుపు మొదలుపెట్టాను. "నాకు గోల్డ్‌ది కావాలి అమ్మా. ఇది ఉత్త పువ్వు."

"ఉత్త పువ్వేంటే. వాడిపోకముందే ఇలా తే," అని అమ్మ దాన్ని తీసుకుని జడలో తురుముకుంది. నా కష్టం అమ్మకు ఇంత చులకనైందా అని ఇంకా గట్టిగా ఏడ్చాను.

సాయంత్రం పులిహోర గిన్నెతో అమ్మ నన్ను ఈడ్చుకుంటూ ఎదురింటికి వెళ్ళింది. మొంసే ఆంటీ తలుపు తీసి, అమ్మ జడలో గులాబీని చూసి, మమ్మల్ని లోపలికి లాగింది. తర్వాత నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెప్పింది. బంగారువీ వెండివీ తర్వాతి బహుమతులట. మొదటి బహుమతి ఎప్పుడూ నిజం పువ్వేనట, వాడిపోయేదేనట. గెలిచినవాళ్ళు దాన్ని తమకిష్టమైన ఆవిడకిస్తే, ఆ పండగకు ఆవిడే రాణి అట.

"మీ భాష నాకు రాదు. నువ్వు చదువుతుంటే మీ అమ్మ మొహం చూశాను, అందుకే నీకిచ్చాను," అంది.

అమ్మ వద్దంటున్నా వినకుండా తీసుకెళ్ళి పెరట్లో పేము కుర్చీలో కూర్చోబెట్టింది. అమ్మ సిగ్గుపడిపోతూ, పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని, చినుకులు మొదలయ్యేదాకా రాణిగా కూర్చుంది. నేను కుర్చీ పక్కన నిలబడ్డాను. అంత గర్వం నాకు ఆ తర్వాత ఏ డిగ్రీకీ కలగలేదు.

ఆ పెరడు ఇప్పుడు ఏదో ఆఫీస్ పార్కింగ్. మొంసే ఆంటీ లేదు, ఆ మూడు అరలు ఏ లైబ్రరీకి చేరాయో తెలీదు. అక్క బంగారు పువ్వు మాత్రం ఆష్‌బర్న్‌లో వాళ్ళింట్లో ఫ్రేమ్ కట్టి ఉంది. నేను గులాబీ వాసన తగిలిన సంగతి చెబితే, వీడియో కాల్‌లో దాన్ని చూపిస్తూ, "మరి నీ ఫస్ట్ ప్రైజ్ ఎక్కడే?" అని ఏడిపించింది.

అమ్మ నా పక్కనే కూర్చుని వింటోంది. జడ పోయి చాలా ఏళ్ళయింది, జుట్టిప్పుడు చెవుల దాకానే ఉంది. ఆవిడ చెయ్యి మాత్రం మెల్లగా మెడ వెనక్కి వెళ్ళి, పువ్వు జారిపోలేదు కదా అని చూసుకున్నట్టు తడిమింది.