నవ్వించేవాడి ముక్కు

1987 నవంబరు 12, గురువారం, ఉదయం తొమ్మిదిన్నర. గాలి లేదు, సన్నని తుంపర పడుతున్నది. పాత చేతికర్రలు బాగుచేసే మేస్త్రి దుకాణంలోకి, చూపు పోయిన ఒక ముసలామె కోడలి భుజం పట్టుకొని వచ్చింది. ఆమె చేతిలోని కర్ర నూరేళ్ల నాటిది. పిడి ఉండవలసిన చోట, బొమ్మలాటలో నవ్వించేవాడి తల చెక్కి ఉన్నది: బూరెబుగ్గలు, వంకరనవ్వు, పొడుగు ముక్కు. ఆ ముక్కు మీద మాత్రం నున్నగా అరిగిన గుంట.

"అడుగున తొడిగిన ఇనప పొన్ను ఊడిపోయింది నాయనా. ఒంటికాలి మనిషి కదా, వీడికి ఒక్క చెప్పు చాలు."

మేస్త్రి నవ్వాడు. "ఎవరిదమ్మా ఇది?"

"మా మామగారిది. తర్వాత మా ఆయనది. ఇద్దరూ బొమ్మలాడించినవాళ్లే. ఇప్పుడు వీడితో పోట్లాడటానికి నేనే మిగిలాను."

సోమవారం వస్తామని కర్ర అక్కడే వదిలి వాళ్లు వెళ్లారు. పొన్ను బిగించడానికి అరగంట పట్టింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. అయితే ఇటువంటి కర్రలకు ముందుగా పాడయ్యేది ముక్కే; దానికి అతుకు కనబడకుండా కొత్తది పెట్టడంలో అతనికి అతనే సాటి. అరిగిన ముక్కు కంటబడ్డాక చేయి ఊరుకోలేదు. పాతదానిని మొదలంటా కోసి, అదే జాతి కొయ్య ఏరి, రెండు రోజులు కూర్చుని కొత్తది చెక్కి అతికించాడు.

సోమవారం ముసలామె కర్ర అందుకొని, ముక్కు మీద బొటనవేలు ఆనించి, ఆగిపోయింది.

"ఇది మాది కాదు."

"మనదే అత్తయ్యా. నేను చూస్తున్నాగా!" అన్నది కోడలు.

"నీకు కళ్లున్నాయిలే. మీ మామయ్య వేలు పెట్టే చోటేదే?"

మేస్త్రి చేతిలోని పని పక్కన పెట్టాడు. "ఇది మీ కర్రేనమ్మా. ముక్కు అరిగిందని నేనే కొత్తది పెట్టాను."

"పాతదే పెట్టెయ్యి మరి."

"కోసేశానమ్మా. ముక్కలు పొయ్యిలోకి పోయాయి."

ఆమె కొత్త ముక్కును మరోసారి తడిమింది.

"తండ్రీకొడుకులు అరగదీస్తే అరవై ఏళ్లకు పడిన గుంట. రెండు రోజుల్లో పూడ్చేశావు. పనిమంతుడివే."

"అలాంటి గుంటే మళ్లీ చెక్కి ఇస్తాను."

"నీ గుంట నాకెందుకు నాయనా?"

కర్ర బల్ల మీద పెట్టి, కోడలి భుజం తడుముకుంటూ వెళ్లిపోయింది.

మేస్త్రి రెండుసార్లు కర్రను వాళ్లింటికి తీసుకువెళ్లాడు. రెండుసార్లూ కోడలు గుమ్మంలోనే తిప్పి పంపింది. ముసలామె మరో కర్ర పట్టలేదు. మంచం దిగడం మానేసి, 1988 ఫిబ్రవరి 3న కన్నుమూసింది. మేస్త్రి మరి నాలుగేళ్లు పనిచేశాడు. అడగనిదే ఏ ముక్కూ ముట్టుకోలేదు. దుకాణం మూసిననాడు ఆ కర్రను పాతవస్తువుల వ్యాపారి ఒకడు కొనుక్కుపోయాడు.