ఎనిమిది గంటల కాంతమణి

ఎవరైనా ఎదురుపడితే మనం బాగున్నారా అంటాం. మా ఇంటి ఓనరు కాంతమణి ఆంటీ మాత్రం ఎన్ని గంటలు పడుకున్నారని అడిగేది. పోస్ట్‌మ్యాన్‌ని అడిగేది, గ్యాస్ బండ తెచ్చినవాణ్ని అడిగేది. ఒకసారి ప్రసంగం మధ్యలో పాస్టరుగారు ఆవలిస్తే లేచి నిలబడి ఆయన్నీ అడిగింది. ఎనిమిదికి తగ్గితే ఎవరినీ క్షమించేది కాదు. కడుపుతో ఉన్నవాళ్లనైతే అసలు వదిలేది కాదు.

2002లో నేరేడ్‌మెట్‌లో ఆవిడ ఇంటి మేడమీద నేనూ, మా ఆయన సూరీ అద్దెకు దిగాం. నాకు ఐదో నెల. బేగంపేటలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఉద్యోగం. అమెరికా డాక్టర్ల మాటలు చెవిలో పెట్టుకుని రాత్రంతా టైపు చేసి, తెల్లారాక ఇంటికొచ్చి పడుకునేదాన్ని.

ఆంటీ రిటైరైన నర్సు. నా కోసం పగలు పది నుంచి ఆరు దాకా వీధికే కర్ఫ్యూ పెట్టింది. తను కుక్కర్ మానేసి గిన్నెలో అన్నం వార్చుకుంది. తోపుడు బండి కూరగాయలాయన్ని అరవొద్దంది. "మరి సైగలు చేసి అమ్మాల్నా అమ్మా?" అని అతను పరేషానయ్యాడు.

నా చిగుళ్లు వాచి రక్తం వస్తోందని తెలిసి పళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. చిగుళ్లకీ కడుపులో బిడ్డకీ ఏం సంబంధమని నవ్వాను.

"నిద్ర చాలకపోయినా, ఎక్కడ వాచినా, దాని ప్రభావం రక్తంలో తిరుగుతుంది. బిడ్డ మెదడు ఎదిగేది నీ రక్తం మీద ఆధారపడే కదమ్మా," అంది.

రోజూ డాక్టర్ల మాటలు టైపు చేసే నాకే పాఠాలా అనుకున్నాను.

డిసెంబరులో ఆవిడ నాకు చెప్పకుండా మా మేనేజరు జ్ఞానశేఖర్ దగ్గరికి వెళ్లి, నాకు డే షిఫ్ట్ ఇమ్మని అడిగింది. ముందుగా ఆయన ఎన్ని గంటలు పడుకుంటున్నాడో కనుక్కుందట. ఆఫీసంతా నవ్వింది. మర్నాడు ఇంటికొచ్చి మెట్ల దగ్గరే అనేశాను.

"ఈ పెత్తనమేదో మీ కడుపున పుట్టినవాళ్ల మీద చూపించుకోండి ఆంటీ."

ఆవిడ లోపలికెళ్లి తలుపు వేసుకుంది, చప్పుడు కాకుండా. నేను పడుకునే వేళ కదా.

ఆ తర్వాత పది రోజులు నన్ను గంటలు అడగలేదు. అది ఇంత వెలితిగా ఉంటుందనుకోలేదు.

క్రిస్మస్‌కి ఆవిడ చెల్లెలు ప్రేమమణి బాపట్ల నుంచి వచ్చింది. వెంట ముప్పై ఏళ్ల జెరెమియా. ఆంటీ కొడుకట. పిన్ని దగ్గర ఉంటూ అక్కడి ప్రెస్సులో పుస్తకాలు కుడతాడట. మిగతాది ప్రేమమణి పైకొచ్చి చెప్పింది. జెరెమియా కడుపులో ఉండగా ఆంటీ ఎనిమిదో నెల దాకా నైట్ డ్యూటీలు చేసింది, జ్వరాన్ని మాత్రలతో అణచుకుంటూ. వాడికి ఆరేళ్లకు గానీ మాట రాలేదు, చదువూ రాలేదు. దానివల్లే ఇలా అయిందని ఏ డాక్టరూ అనలేదు, అనలేరు కూడా. ఆవిడ మాత్రం నేరం తన మీదే వేసుకుంది.

తర్వాత మా పాప పుట్టి గలగలా మాట్లాడుతుంటే వింటూ కూడా, మెట్ల దగ్గర నేనన్న మాటే గుర్తొచ్చి సిగ్గుపడేదాన్ని.

ప్రేమమణి ఇదంతా చెప్పిన సాయంత్రమే జ్ఞానశేఖర్ ఫోన్ చేశాడు. సోమవారం నుంచి నాకు డే షిఫ్ట్. మీ ఆంటీ మూడుసార్లు వచ్చారు, చివరిసారి మొన్ననే అన్నాడు.

క్షమించమని అడుగుదామని కిందికి వెళ్లాను. జెరెమియా తలుపు తీశాడు. ఆంటీ స్టవ్ దగ్గర అటు తిరిగి నిలబడింది. అతనే ఒక్కో మాటా కూడదీసుకుని అన్నాడు.

"అమ్మకి... నీ మీద కోపం. గుడ్లు మాత్రం... నీకే ఉడకబెట్టింది. నన్ను... ముట్టుకోవద్దంది."

స్టవ్ దగ్గర ఆంటీ భుజాలు కదిలాయి. నవ్వు ఆపుకోవడం ఆవిడకు ఎప్పుడూ చేతకాదు.