ముగ్గుపిండి కోట

నా చిన్నప్పుడు మా ఇంట్లో విమానమెక్కిన మొదటి మనిషి మా చిన్నాన్న. బెంగళూరులో యంత్రాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పని నేర్చుకు రమ్మని వాళ్ళే ఆయన్ని జర్మనీకి పంపారు. దాదాపు ఏడాది తర్వాత, గడియారాలూ రేడియోలూ తెస్తాడని అందరం ఎదురుచూస్తుంటే, ఆ కోటల దేశం నుంచి ఆయన ఒక కోటుతో దిగాడు. ఎండాకాలంలో మా ఊరు బొమ్మనహళ్ళిలో బస్సు దిగి, చెమటలు కారుతున్నా ఆ కోటు విప్పలేదు. అది దొరల మర్యాద కాబోలనుకున్నాను. లోపలి చొక్కాకు బొత్తాలు లేవని మా అమ్మ ఉతకడానికి తీసుకున్నప్పుడు తెలిసింది.

అప్పటి బొమ్మనహళ్ళికి ఇప్పటి బొమ్మనహళ్ళిని చూపిస్తే గుర్తుపట్టదు. హోసూరు రోడ్డుకు అటూ ఇటూ రాగిచేలు ఉండేవి. బెంగళూరంటే మాకు బస్సెక్కి వెళ్ళే వేరే ఊరు. అలాంటి చోట సాయంత్రం పూట చిన్నాన్న జర్మనీ కబుర్లు మొదలుపెడితే, మా తమ్ముడూ నేనూ అన్నం చల్లారిపోతున్నా కదిలేవాళ్ళం కాదు.

ఆయన ఉన్న ప్రాంతం పేరు స్వాబియా. కొండకొకటి చొప్పున కోటలట. వాళ్ళ భాషలో కోటను బుర్గ్ అంటారని, ప్రతి కోట పేరు చివరా అదే వస్తుందని చెప్పేవాడు. ఎన్ని బుర్గులు చెప్పినా నా బుర్రలో ఒక్కటీ నిలవలేదు. ఆయన అద్దెకున్న ఇంటి ముసలాయనకు కోటలంటే ప్రాణం. ఆదివారం వస్తే చిన్నాన్నను వెంటబెట్టుకుని బయల్దేరేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, చిన్నాన్నకు జర్మన్ రాదు. ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. మాటలు లేవు గనక మా మధ్య మాటపట్టింపులూ లేవు అనేవాడు చిన్నాన్న.

మొదట్లో ముసలాయన నిలబడి ఉన్న కోటలే చూపించాడు. లోతైన కందకం మీద కొయ్య వంతెన, ఎద్దును ఎద్దుగా కాల్చేంత పెద్ద పొయ్యి, మనిషి లేకుండానే నిలబడ్డ ఇనుప కవచం. అవన్నీ అయిపోయాక, కోటలు లేని కోటలకు తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. గంటలకొద్దీ కొండెక్కితే పైన ఏముంటుంది, ముళ్ళపొదలు, ఆకులతో నిండిన ఒక గుంట, గడ్డిలో జానెడు ఎత్తున రాళ్ళ వరస. ముసలాయన టోపీ తీసి చేత పట్టుకునేవాడట. మొదటిసారి చిన్నాన్న ఆ రాళ్ళను నీటి మడుగు దాటినట్టు ఒక్క అంగలో దాటబోతే, ఆయన చొక్కా పట్టుకుని ఆపాడు. అది గోడ. గోడలోంచి ఎవరైనా నడుస్తారా అన్నట్టు చూసి, చుట్టూ తిప్పి, రాళ్ళ వరసలో ఖాళీ ఉన్న చోటికి తీసుకొచ్చి, అక్కణ్ణుంచి లోపలికి నడిపించాడు. అది తలుపు. లోపల ఇది బావి, ఇది గుర్రాల చావడి అని చేతులతో చూపించి, భోజనశాల ఉన్నచోట కూర్చుని రొట్టె మూట విప్పేవాడట.

ఆ కథలు నాకు నచ్చలేదు. శిథిలాలు చూడటానికి అంత దూరం ఎందుకు, నా లెక్కల పుస్తకం తెరిస్తే చాలు. నిరుడు మా అమ్మాయి ఆఫీసు పని మీద అటు వెళ్తూ నన్నూ తీసుకెళ్ళింది. నిలబడ్డ కోట ఒకటి చూడబోయి, మోకాళ్ళు సహకరించక బురుజు మెట్ల కిందే కూర్చుండిపోయాను. ఆ కోటను జయించలేక వెనుదిరిగిన వాళ్ళలో చివరిదాన్ని నేనే అయ్యుంటాను. మర్నాడు లేని కోట చూశాం. పచ్చటి దిబ్బ, ఒక బోర్డు. బోర్డు మీది అక్షరం ఒక్కటీ అర్థం కాకపోయినా అక్కణ్ణుంచి లేవబుద్ధి కాలేదు. దానికి కారణం ఆ ముసలాయన కాదు, మా జేజి.

మా జేజి అంటే నాయనమ్మ. మాకు ఒక పాత మట్టిగోడల ఇల్లు ఉండేది. చిన్నాన్న జర్మనీలో ఉన్నప్పుడే వానలకు దాని వెనక గోడ ఒరిగింది. చూసి బాధపడుతుందని జేజిని దొడ్డబళ్ళాపురంలో మా మేనత్త ఇంటికి పంపి, బాగుచేయిస్తామని చెప్పారు. మేస్త్రీ వచ్చి, ఇది బాగుపడేది కాదన్నాడు. ఇల్లు మొత్తం దింపేశారు. జేజి తిరిగొచ్చేసరికి అక్కడ నేల తప్ప ఏమీ లేదు. ఆమె అరవలేదు, ఏడవలేదు. పక్క వీధిలో మేం అద్దెకు తీసుకున్న రెండు గదుల్లోకి వచ్చి మూట దింపింది. ఆ తర్వాత ఆ వీధి మొహం చూడలేదు. నీళ్ళకు వెళ్ళాలన్నా చుట్టు తిరిగి వెళ్ళేది.

చిన్నాన్న వచ్చాక కొత్తిల్లు మొదలుపెట్టాలనుకున్నారు. పునాది తవ్వే ముందు చేసే గుద్దలి పూజకు రోజు కుదిరింది. అది దాటితే ఆషాఢం, ఆ వెనక వానలు. రెండు గదుల్లో ఏడుగురం ఇంకో ఏడాది ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకోవాలి. మొదటి గుద్దలిపోటు తాతా జేజీ కలిసి వెయ్యాలి. జేజి రానంది.

"నాకేం పనుండాది ఆడ? ఖాళీ నేల చూసేదానికి పోవల్లనా?"

మా నాన్న బతిమాలాడు, మేనత్త దొడ్డబళ్ళాపురం నుంచి వచ్చి బతిమాలింది. మా తాత మాత్రం, "ఆమె రాకుంటే నేనూ రానప్పా," అని తువ్వాలు దులుపుకుని కూర్చున్నాడు. పూజకు ఇంక రెండు రోజులే ఉంది. మా నాన్న మొహం మేస్త్రీ వదిలేసిన గోడలా ఉంది.

ఆ పొద్దున చిన్నాన్న నన్నూ మా తమ్ముణ్ణీ పిలిచాడు. ఒక బుట్టెడు ముగ్గుపిండి, దారపుండ, నాలుగు మేకులు తీసుకుని ఖాళీ జాగాకు వెళ్ళాం. ఇల్లు కట్టేముందు మేస్త్రీలు పునాదికి ముగ్గు పోస్తారు కదా, చిన్నాన్న రాబోయే ఇంటికి కాకుండా పోయిన ఇంటికి ముగ్గు పోయించాడు. మూలరాళ్ళు ఇంకా నేలలో కనిపిస్తున్నాయి. వాటిని పట్టుకుని ఆయన దారం లాగాడు, నేను పిండి పోశాను. నా గీతలు జన్మలో తిన్నగా రావు. పాత గోడలూ తిన్నగా ఉండేవి కావు గనక, మొదటిసారి నా పనితనానికి పేరొచ్చింది. తిన్నె, నడిమిల్లు, తాత మంచం వేసే మూల ఒక్కొక్కటే తెల్లగా తేలాయి. వాకిలి దగ్గర చిన్నాన్న ఖాళీ వదిలాడు. ఇక రాకపోకలు అందులోంచే అన్నాడు. మా తమ్ముడు గోడ మీంచి దూకితే చెవి పట్టుకుని వెనక్కి పంపి, వాకిట్లోంచి రప్పించాడు.

ఆ తర్వాత వంటిల్లు గీశాడు, నడిమింటికి ఎడమపక్క. నాకు అనుమానం వచ్చి, అటు కాదేమో అన్నాను.

"ఏమో, నాకు యాదికి రాలే. పోయి మీ జేజినే అడిగి రా పో," అన్నాడు.

జేజి చేటలో రాగులు చెరుగుతోంది. పరుగున వెళ్ళి రొప్పుతూ అడిగాను. "జేజీ, మన వంటిల్లు ఎడమపక్కనా? చిన్నాన్న ఆడే గీసినాడు."

చేట ఆగిపోయింది. "ఎడమపక్కనా? వానికి బుద్ధి ఉండాదా? ఆ పక్కంతా గాలి. పొయ్యి మండుతుందా?"

"నాకేం తెలుసు. నువ్వే చెప్పు, పోయి గీస్తా."

"నువ్వు గీసేది నేను చూడలేదా," అని చేట పక్కన పెట్టి లేచింది. కొంగు దోపుకుని, నాకంటే ముందు నడిచింది. ఎటు వెళ్తున్నదీ ఆమెకు తెలిసిందో లేదో నాకు తెలియదు.

మేముండే పక్క వీధి వైపునుంచి వస్తే తప్పుగా గీసిన గీత ఆమెకు రెండడుగుల దూరం. ఒక్క అంగ వేస్తే చాలు. ఆమె వెయ్యలేదు. గోడ పక్కనే నడుచుకుంటూ ముందుకు వచ్చి, వాకిలి దగ్గర ఆగి, తల వంచి లోపలికి అడుగుపెట్టింది. మా పాత ద్వారబంధం పొట్టిది. తల వంచనివాళ్ళకు బొప్పి తప్పేది కాదు. ఇప్పుడు ఆమె తల మీద ఆకాశం తప్ప ఏమీ లేదు. మా తమ్ముడికి నవ్వొచ్చింది. చిన్నాన్న వాడి భుజం మీద చెయ్యి వేశాడు, వాడు ఊరుకున్నాడు.

తప్పు గీతను కాలితో చెరిపేసి, నా చేతిలోంచి పిండి లాక్కుని జేజి కుడిపక్క వంటిల్లు పోసింది. ఒకే ధారగా, తెగకుండా. అందులో పొయ్యి, నీళ్ళ కుండలు, రాగులు పోసే గాదె. పక్కింటి అక్క వీధిలోంచి చూసి, "ఏమవ్వా, కొత్తిల్లు కట్టేసినావా?" అని పలకరించింది.

"పాతిల్లేనమ్మా. రా, లోపలికి రా. తల భద్రం," అంది జేజి.

పక్కింటి అక్క కూడా తల వంచే వచ్చింది.

పక్కింటి అక్క వెళ్ళాక జేజి పొయ్యి దగ్గర కూర్చుంది. అరచెయ్యి నేలకు ఆనించింది. ఆ తర్వాత చిన్నాన్నను అడిగింది, దింపేటప్పుడు పొయ్యిరాళ్ళు ఏం చేశారని.

"నేనూ చూడలేదమ్మా. నేనొచ్చేటప్పటికి ఇంతే ఉండాది," అన్నాడు.

అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆయన కూడా కోటు వేసుకుని, బస్సు దిగి, ఉందనుకున్న ఇంటి కోసం ఈ వీధిలోకే వచ్చాడు. జేజి ఆయన వంక చూసింది. "అయితే నువ్వూ కూర్చో," అంది. ఆయన వెళ్ళి గాదె పక్కన, చిన్నప్పుడు అన్నం తినే చోట, మఠం వేసుకుని కూర్చున్నాడు. మా తమ్ముడూ నేనూ మా వంతుగా తిన్నె మీద కూర్చుని కాళ్ళు ఊపాలని చూశాం. తిన్నె లేదు గనక కాళ్ళు ఊగలేదు.

పొద్దు వాలుతుంటే జేజి లేచి, మళ్ళీ తల వంచి బయటికి వచ్చింది. ఎదురుగా మా నాన్న నిలబడి ఉన్నాడు. "మేస్త్రీని రమ్మను. వంటిల్లు మాత్రం కుడిపక్కే ఉండల్ల," అంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "వాకిలి ఎత్తుగా పెట్టించప్పా. ఎన్నేండ్లని వంగేది," అంది.

పూజనాడు తాతా జేజీ కలిసి గుద్దలి పట్టారు. మా గీతల మీదే మేస్త్రీ కొత్త ముగ్గు పోశాడు. చిన్నాన్న మతిమరుపు గురించి నేను అమ్మ దగ్గర వెక్కిరించబోతే, "ఆ వంటింట్లో తిని పెరిగినోడు మర్చిపోతాడా, పిచ్చిదానా," అని నా జడ బిగించి లాగింది. నాకు విషయం అర్థమయ్యేసరికి జడా అయిపోయింది, బాల్యమూ అయిపోవచ్చింది.

ఇప్పుడు నేనుండే సర్జాపుర రోడ్డులో నిన్న ఉన్నది ఇవాళ ఉండదు. పోయినదాని గురించి ఎవరైనా బాధపడితే, పోనీలే, మర్చిపో అనడం మర్యాద. నాకు ఆ మర్యాద అబ్బలేదు. మొన్న మా అంతస్తులోనే ఉండే ఒకావిడ లిఫ్టు దగ్గర కళ్ళు తుడుచుకుంటోంది. ఊళ్ళో వాళ్ళ పుట్టింటిని ఆ పొద్దునే పడగొట్టారట. ఓదార్చడం నాకు చేతకాదు. మీ వంటిల్లు ఏ పక్కన ఉండేదమ్మా అని అడిగాను. ఆమె ఏడుపు ఆపలేదు గానీ, ఎడమచెయ్యి చాచి చెప్పడం మొదలుపెట్టింది. లిఫ్టు వచ్చి తలుపు తెరుచుకుంది, మూసుకుంది. మేమిద్దరం ఎక్కలేదు.