అరచేతి తూకం

తొంభైల చివర్లో, గ్రేటర్ నోయిడాలోని మా ఇంజనీరింగ్ కాలేజీలో ట్రైనింగ్ ఇన్‌చార్జి మన తెలుగాయనే. మేం ఆరు వారాలు ఫ్యాక్టరీలో పనిచేసి రిపోర్టు తెచ్చిస్తే, ఆయన తెరిచేవారు కాదు. అరచేతిలో పెట్టుకుని, కూరగాయల్లా ఎగరేసి బరువు చూసేవారు.

నేను ఫ్యాక్టరీ గేటైనా చూడకుండా, ఒక సీనియర్ లావుపాటి రిపోర్టునే మళ్ళీ టైపు చేయించి ఇచ్చాను.

"అచ్ఛా! బాగా కష్టపడ్డావోయ్," అన్నారు.

నా వెనక నిలబడ్డ తెలుగమ్మాయి ఘాజియాబాద్‌లో ఇనుము కరిగించే చోట నిజంగా పనిచేసింది. ఆమె ఇరవై పేజీలనూ ఎగరేశారు.

"ఇంతేనా? మళ్ళీ చేసిరామ్మా."

"ఒక్కసారి చదవండి సార్," అంటూ ఆమె కట్టు కట్టిన చేత్తో పేజీ తెరిచింది.

ఆయన కట్టు చూశారు.

"కాల్చుకున్నావా? వంట జాగ్రత్తగా చేసుకోవాలి తల్లీ," అని నవ్వారు.

నేనూ నవ్వాను.