పాన్‌దాన్ దాచిన ఆదివారం

మా ముత్తాత, అంటే బాపు వాళ్ల తాత, నిజాం కొలువులో పేష్కారు. ఆ వైపు మా పాత బంగళా దేవిడీలో అతిథి చేతికి పాన్ ఇస్తే, ఇక సెలవని మర్యాదగా చెప్పినట్టు. కాచు వాసన తగిలితే మాత్రం నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది పురానాపూల్‌లోని అమ్మమ్మ ఇల్లే.

బాపు, అమ్మ పెళ్లి చేసుకోకుండానే విడిపోయారు. నేను అమ్మతో అమ్మమ్మ ఇంట్లోనే పెరిగాను. నన్ను చూడడానికి బాపు కోర్టుకెక్కి, ఆదివారానికి రెండు గంటలు సాధించుకున్నాడు. సమయం కాగానే అమ్మమ్మ పాన్‌దాన్ తెరిచేది. బాపు పాన్ అందుకుని లేచేవాడు. ఆయన్ను పంపించేది ఆ పెట్టే అనుకున్నాను. నాకప్పుడు ఏడేళ్లు. ఒక ఆదివారం దాన్ని బియ్యం డబ్బాలో దాచాను.

ఇల్లంతా వెతికి, "పాన్ లేకుంటే కాలు కదలదా దొరా?" అంది అమ్మమ్మ.

"ఉత్త చేతులతోటి లేస్తే మా తాత ఊకుంటడా అమ్మా?" అంటూ బాపు నిటారుగా కూర్చున్నాడు. అంతలో నా చేతులకంటిన తవుడు చూసి నవ్వాడు.

"తీస్కరా బిడ్డా. ఎక్కువసేపు కూసుంటే వచ్చే ఆదివారం రానియ్యరు."

తెచ్చి ఇచ్చాను. ఆ రోజు అమ్మమ్మ పాన్ చాలా నెమ్మదిగా చుట్టింది.

ఆ రెండు గంటల కోసం వాదించిన వకీలు ఫీజుకు, మా దేవిడీలోని వెండి పాన్‌దాన్లన్నీ బాపు అంతకుముందే అమ్మేశాడు.